జెండా చెలకలో అరవై ప్లాట్లు

జలపతి ప్రాణం ఇంకా పోలేదు, అప్పుడే మంచాన్ని తెచ్చి వీధిలో పెట్టారు. నేను చూశాను.

మొన్న జగిత్యాల నుంచి నలుగురు కాలేజీ పిల్లలు మా యూనియన్ ఆఫీసుకు వచ్చారు. "బీడీలు చుట్టే ఆడవాళ్లు భూమి కోసం ఠాణాకెందుకు పోయారన్నా?" అని అడిగారు. భూమి కోసం పోలేదు తమ్మీ, పైసలు కట్టి కొన్న భూమిని మాకొద్దు అనడానికి పోయారు. అది అర్థం కావాలంటే ఈ మంచం దగ్గరి నుంచే వినాలి. నా పేరు రాజం. కోరుట్ల బీడీ యూనియన్ సెక్రటరీని. ఇరవై ఏళ్లుగా ఇదే పని, అలసిపోయాను. అలసిపోయినవాడు అబద్ధాలు చెప్పడు. దానికి కూడా ఓపిక కావాలి కదా.

తొంభై ఏడు, శ్రావణమాసం. మూడు రోజులుగా ముసురు. జలపతి సిరిసిల్లలో మరమగ్గాల మీద పదహారేళ్లు పనిచేసి, రొమ్ము నిండా నూలు దుమ్ము నింపుకుని కోరుట్లకు, భార్య దగ్గరికి తిరిగివచ్చాడు. భార్య సత్తెవ్వ బీడీలు చుడుతుంది. ఒకటే గది, కిరాయికి. ఆ గదిలో ఆమె, జలపతి, జలపతి తల్లి రాములవ్వ. ఆ రోజు పొద్దున జలపతికి ఎగశ్వాస మొదలైంది. కబురు తెలిసి ఓనరు గొడుగు వేసుకుని వచ్చాడు.

మా దగ్గర ఒక దరిద్రపు ఆచారం ఉంది. కిరాయి ఇంట్లోంచి పీనుగ లేవకూడదు. లేస్తే ఇంటికి అరిష్టమట, నెలల తరబడి తాళం వేసి పాడుపెట్టాలట. అందుకని మనిషి పోయేట్టున్నాడని అనుమానం వస్తే చాలు, మంచంతో సహా బయటికే.

"తప్పు వట్టకు సత్తెవ్వా," అన్నాడు ఓనరు. మర్యాదగానే అన్నాడు. "మాఘంల పిల్లగాని పెండ్లి వెట్టుకున్న. జర పాణం ఉన్నప్పుడే బయటికి జరుపున్రి."

నలుగురు మంచం ఎత్తారు. వీధిలో టార్పాలిన్ పట్టాం. ఒక కొస నా చేతిలో ఉంది. మంచం కింది నుంచి మోరీ నీళ్లు పోతున్నాయి. పగలు పన్నెండు దాటాక జలపతి పోయాడు. ఇన్ని సమ్మెలు చేయించినవాణ్ని, ఆ ఓనరును ఒక్క మాట అనలేకపోయాను. ఆచారం అన్నాక అందరి నోళ్లూ మూతపడతాయి, నాదీ పడింది.

సత్తెవ్వ ఏడవలేదు. గడపలో కూర్చుని వణుకుతున్న అత్తను చూపించింది.

"ఇగ ఈమె వంతు. ఈమెను గూడ గిట్లనే బయట వెడ్తరు. రాజన్నా, నాకు ఇంత జాగ గావాలె. గుడిసేసుకోని ఈ ముసల్దాన్ని లోపల సావనిచ్చేటంత జాగ. ఎట్లనన్న జెయ్యి."

చేస్తానన్నాను. ఆ మాటే తర్వాత అందరినీ ముంచింది.

*

జాగ దానంతటదే మా దగ్గరికి వచ్చింది. తెచ్చినవాడు గోవర్ధన్.

డెబ్బై తొమ్మిదిలో నేనూ గోవర్ధనూ కలిసి ఊరూరికీ రైతుకూలీ సంఘం పెట్టాం. తర్వాత నేను బీడీ యూనియన్‌కు వచ్చాను, వాడు అడవికి పోయాడు. ఆరేళ్లకు లొంగిపోయి తిరిగి వచ్చాడు. ఇప్పుడు భూముల బ్రోకరు. హీరో హోండా దిగి, చంకలో చుట్టిన మ్యాపుతో మా రేకుల షెడ్డులోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఏం రాజన్నా, ఇంకా గీ రేకుల కిందనేనా?"

"నీ లెక్క అందరికి మోటరు సైకిల్ దొరకది గద."

"తిట్టు, తిట్టు. అడివిల ఆరేండ్లున్న. ఏమచ్చింది? మలేరియా అచ్చింది. ఇంటికచ్చేసరికి అవ్వ సచ్చిపొయ్యుండె. నాకు చాతనయ్యేది భూమి ముచ్చటొక్కటే, గదే జేస్తున్న." మ్యాపు విప్పాడు. "తుమ్మలపేట శివారు. తొమ్మిదెకరాలు. చిన్నదొర అమ్ముతున్నడు. మీ సేటు గూడ పార్ట్‌నరే. బీడీ కార్మికులకు పీఎఫ్ మీద ఇంటిజాగకు అడ్వాన్స్ దొరుకుతది, సేటు సంతకం వెడ్తే చాలు."

ప్లాట్లు అమ్మే కంపెనీకి ఒక దేవుడి పేరు పెట్టారు. ఆ పేరు నేను చెప్పను, మధ్యలో దేవుడేం చేశాడు పాపం. పార్ట్‌నర్లు నలుగురు. దొర కొడుకు చిన్నదొర భూమి పెట్టాడు. సిరిసిల్లలో యాభై మగ్గాలున్న ఒక ఆసామి పైసలు పెట్టాడు. మా బీడీ సేటు మనుషుల్ని పెట్టాడు, అంటే మమ్మల్ని. గోవర్ధన్ దగ్గర ఏముంది పెట్టడానికి? భయం. వాడికి అడవిలో మనుషులు తెలుసు, ఠాణాలో మనుషులు తెలుసు. ఎటు చూసినా జనం వాడికి భయపడతారు. రియలెస్టేట్‌లో దానికీ వాటా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

"తుమ్మలపేట అంటే జెండా చెలకేనా?" అన్నాను. డెబ్బై తొమ్మిదిలో మేమిద్దరమే పోయి ఆ దొర బీడులో ఎర్రజెండా పాతాం. కూలీలు దున్నుకున్నారు. అప్పటి నుంచి దాని పేరు జెండా చెలక.

"గదే. ఎనభై ఐదుల పోలీసు క్యాంపు వడ్డంక అందరు ఇడిసిపెట్టి పోయిండ్రు. పడావు వడ్డది. తుమ్మలు మొలిసినయ్."

నమ్మాను. తుమ్మలపేట కోరుట్లకు పదకొండు కిలోమీటర్లు. క్యాంపు పడ్డాక పదమూడేళ్లుగా నేను ఆ ఊరి మొహం చూడలేదు. ఒక్కసారి బస్సెక్కితే తెలిసేది. ఎక్కలేదు.

ఎక్కకపోగా ఇంకో పని చేశాను. కార్ఖానాకు సెలవున్న రోజు ఆడవాళ్లందరినీ షెడ్డు ముందు కూర్చోబెట్టి పహాణీ నకలు చదివి వినిపించాను. పహాణీలో రెండు వరుసలుంటాయి. ఒకటి పట్టా ఎవరి పేరు మీద ఉందో చెబుతుంది. పక్కది, భూమి ఎవరి సాగులో ఉందో చెబుతుంది. మొదటి వరుసలో దొర పేరు కనబడగానే నాకు ఒళ్లు పొంగింది. ఇరవై ఏళ్ల కిందటి ఉపన్యాసం గొంతులోకి తన్నుకొచ్చింది.

"దొర భూమి! మన అమ్మలు, మన అవ్వలు వెట్టి చేసిన దొర భూమి! ఇవాళ బీడీ కార్మికుల పేరు మీదికి వస్తోంది. ఇంతకన్నా గెలుపు ఏముంది?"

చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో గౌసియాబీ కూర్చుని ఉంది. తెలుగు చదవడం రాదు కానీ ఆమె కన్ను పడితే బీడీల కట్టలో వదులు బీడీ దాగదు. కాగితం వైపు వేలు చూపించింది.

"రాజం భాయ్, గా పక్క వరుసల మస్తు పేర్లున్నట్టున్నయ్ గద? ఎవలివి?"

"దఫ్తరోల్ల రాతలమ్మా. ఉంటయ్ గట్ల," అన్నాను.

ఇదీ నేను చేసిన ఘనకార్యం. అరవై మంది ఆడవాళ్లు పీఎఫ్ కాగితాల మీద వేలిముద్రలు వేశారు. ఇరవై ఏళ్లు వేళ్లు అరగదీసుకుని కూడబెట్టిన పైసలు. సత్తెవ్వకు పదిహేడో నంబరు వచ్చింది, మూల ప్లాటు. ఇంటికి పోయి అత్త చెవిలో గట్టిగా చెప్పిందట, "అత్తా, నువ్వు ఇంకొక్క ఏడాది ఆగు" అని.

*

తొంభై ఎనిమిది, భాద్రపదం. సేటు రెండు లారీలు పెట్టాడు. "ప్లాట్ల రాళ్లు పాతుతున్నం, అందరు అచ్చి ఎవల ప్లాట్ల వాళ్లు నిలవడాలె. రానోల్ల నంబరు ఖాయం గాదు," అన్నాడు. అరవై మందీ వచ్చారు. కొందరు కొబ్బరికాయలు తెచ్చుకున్నారు.

లారీ దిగి చూస్తే పడావూ లేదు, తుమ్మలూ లేవు. ఎదురుగా మనిషెత్తు మక్కజొన్న చేను. సాలు మధ్యన కంది. కంకులు పాలు పోసుకుంటున్నాయి. ఒడ్డు మీద ఒక డోజరు, పక్కన క్యాంపు పోలీసుల జీపు. చేనుకు అడ్డంగా ముప్పై నలభై మంది ఆడామగా.

ముందు నిలబడ్డది సమ్మవ్వ. డెబ్బై తొమ్మిదిలో జెండా పాతినప్పుడు ఆమె నడుముకు బిడ్డను కట్టుకుని మొదటి సాలు దున్నించింది. జుట్టు నెరిసింది, అంతే. నన్ను గుర్తుపట్టింది. నేను తల దించుకున్నాను.

"నువ్వా కొడుకా? ఈ లారీలు నువ్వు తెచ్చినయేనా?" అంది. తర్వాత మా ఆడవాళ్ల వైపు తిరిగింది. "ఏందమ్మా, పండుగకచ్చినట్టు కొబ్బరికాయలు వట్టుకోని అచ్చిండ్రు? ఎవల చేన్ల నిలవడతరు?"

"మేం కొన్నం," అంది సత్తెవ్వ. "ఉట్టిగ అచ్చినమా? పైసలు గట్టినం. మీరు ఇడిసిపెట్టి పోయిండ్రట గద."

"ఎవడే చెప్పింది? క్యాంపు వడ్డప్పుడు మా మొగోల్లను గొట్టిండ్రు, ఇద్దర్ని సంపిండ్రు. పగటీలి భయమైతే తెల్లారకముందు మబ్బుల అచ్చి దున్నుకున్నం. ఒక్క కారు పంట ఇడువలే. ఈడ రాళ్లేరింది నా చేతులు. చూడు." చేతులు చాపింది.

సత్తెవ్వ ఆ చేతులు చూసింది. తన వేళ్ల చివర్లు కూడా ఆకు కత్తిరించీ కత్తిరించీ కాయలు కాసి ఉంటాయి. ఇద్దరి చేతులూ నాకు కనిపిస్తున్నాయి.

జీపు దగ్గరున్న గోవర్ధన్ చేయి ఊపాడు. డోజరు కదిలింది. అప్పుడు అర్థమైంది, మమ్మల్ని ఎందుకు తెచ్చారో. కూలీలు దొర మనుషుల మీద రాళ్లు విసురుతారు, కర్రలు లేపుతారు. తమలాంటి ఆడవాళ్ల మీద లేపలేరు. లేపారా, పేదాళ్లు పేదాళ్లను కొట్టుకున్నారని పత్రికలో వస్తుంది. మమ్మల్ని కంచెలా పాతడానికి తెచ్చారు. డోజరు నాలుగు సాళ్లు తొక్కింది. పచ్చి కంకులు నలిగి పాలు కారాయి. తుమ్మలపేట ఆడవాళ్లు శోకాలు పెట్టారు. మా వాళ్లలో ఎవరో "ఓ అవ్వా, పంట, పంటమీదికెళ్లి!" అని అరిచారు. గౌసియాబీ చేతిలోని కొబ్బరికాయ డోజరు అద్దానికి వేసి కొట్టింది. అద్దం పగిలింది. డ్రైవరు దిగి పారిపోయాడు.

"థూ, నీ బతుకుల మన్నువడ! తినే కంకి మీదికెళ్లి నడిపిస్తవురా?" అని అరుస్తూనే ఉంది ఆమె.

ఆ రోజుకు రాళ్లు పాతడం ఆగింది. పది రోజుల్లో మళ్లీ వస్తామని చెప్పి పోయారు.

*

సాయంత్రం షెడ్డులో మీటింగ్. మీటింగ్ అంటే నన్ను నిలబెట్టి కడగడం. తప్పు లేదు.

"చదువుకున్నోనివని నమ్మితిమి. చదివి చెప్పినవ్ గద! ఏం చదివినవ్?"

పహాణీ మళ్లీ తీశాను. ఈసారి పక్క వరుస చదివాను. ఎప్పుడో ఒక నీతి గల రెవెన్యూ గిర్దావరు వచ్చి, చేను తిరిగి చూసి, సాగుదారుల పేర్లు రాసిపోయాడు. ఇరవై రెండు పేర్లు. మూడోది సమ్మవ్వది. ఒక్కొక్క పేరూ పైకి చదివాను. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

తర్వాత లొల్లి మొదలైంది.

"అయితే మా పైసల సంగతేంది? మేం ఎవల కొంప గూల్చినమని?"

"దొరను అడుగాలె. సేటును అడుగాలె."

"అడిగితే రేపట్నుంచి మన బీడీలన్ని పనికిరావని ఏరి పారేస్తడు సేటు. ఏం దిని బతుకుదాం?"

"గని వాల్ల చేను గుంజుకుంటే ఇగ మనకు దొరకు ఫరక్ ఏంది?"

"నీకేమే, నీకు సొంతిల్లుంది! అవ్వ గావాలె బువ్వ గావాలె అంటవు!"

సత్తెవ్వ లేచింది. "నాకు ఎవ్వలేం జెప్పద్దు. నాకు పదిహేడు నంబరు గావాలె. వాల్లకు ఇంకోకాడ ఇయ్యమను సర్కారును. మా అత్తకు నిన్నటి సంది గంజి గూడ దిగుతలేదు. నేనామెను రోడ్డు మీద పండవెట్ట. పెట్టనంటే పెట్ట!"

అదే సమయానికి షెడ్డు వాకిట్లో ముగ్గురు నిలబడ్డారు. సమ్మవ్వ, ఆమె వెంట తుమ్మలపేట వాళ్లు ఇద్దరు. ఆఖరి బస్సుకు వచ్చారు. బతిమిలాడతారేమో అనుకున్నాను. సమ్మవ్వ బతిమిలాడే మనిషి కాదు.

"నీ ముచ్చట బయట నిలవడి ఇన్న బిడ్డా," అంది సత్తెవ్వతో. "మంచిదే, నువ్వు కట్టుకో ఇల్లు. మరి మేమేడికి వోవాలె? చేను వోయినోడు ఊర్లె ఉంటడా? ఈడికే అస్తం. ఇరవై రెండిండ్లోల్లం. కోరుట్లల కిరాయికుంటం, నీ తీరుగనే బీడీలు సుడ్తం. నువ్వు ఇడిసిపెట్టిన గా అర్ర ఉంటది సూడు, గండ్ల నేనుంట. ఇగ నాకు పాణం వోయేటప్పుడు నీ ఓనరు నా మంచం బయటికి గుంజుతడు. నువ్వు నీ ఇంట్ల కూసోని సూడు. సరేనా?"

సత్తెవ్వ ముఖం మీద ఎవరో కొట్టినట్టయింది. కొంగు నోట్లో కుక్కుకుని షెడ్డులోంచి వెళ్లిపోయింది. ఆమె వెనక ఎవరూ పోలేదు.

మర్నాడు పొద్దున నేను షెడ్డు తాళం తీస్తుంటే మెట్టు మీద కూర్చుని ఉంది. కళ్లు వాచాయి.

"కాయిదం రాయి," అంది.

"ఏమని?"

"మాకు అమ్మిన జాగ అమ్మినోల్లది గాదు. మమ్ముల మోసం జేసిండ్రు. మా పైసలు మాకియ్యాలె. గా చెలకల మేం గడ్డపార వెట్టం. రాయి జల్ది, నా మనసు మల్ల తిరుగక ముందే."

రాశాను. మొదటి వేలిముద్ర ఆమెదే. సాయంత్రానికి అరవై అయ్యాయి. ఆ పది రోజులూ కార్ఖానాలో సేటు గుమాస్తా కావాలని కట్టలకు కట్టలు విప్పి, బాగున్న బీడీలు కూడా పనికిరావని పక్కన పడేశాడు. రోజుకు వెయ్యి చుట్టిన మనిషికి ఆరు వందలకే కూలి దక్కింది. అయినా ఎవరూ వేలిముద్ర వెనక్కి తీసుకోలేదు.

*

పదో రోజు లారీలు వచ్చాయి. ఎవరూ ఎక్కలేదు. అరవై మందీ బస్సుల్లో, నడిచి, ముందే తుమ్మలపేట చేరారు. డోజరు వచ్చేసరికి చేను ముందు ఒకే వరుస ఉంది. ఎవరు తుమ్మలపేట వాళ్లో, ఎవరు కోరుట్ల వాళ్లో చెప్పలేరు.

చిన్నదొర జీపు దిగలేదు. సిరిసిల్ల ఆసామి దిగి గోవర్ధన్ మీద అరిచాడు. "కొన్నోల్లే వద్దంటున్నరు. రేపు మిగిలిన ప్లాట్లు ఎవనికి అమ్ముతవ్? నా పైసలు మన్నుల వోసినట్టేనా?"

గోవర్ధన్ నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు వాడి ముఖంలో, నీరసం ఉంది.

"రాజన్నా, పక్కకు జరుపు వీల్లను. నేను ఆపలేను ఇగ. నీ పేరు పోలీసోల్ల లిస్టుల ఉన్నది."

"జెండా పాతినప్పుడు గడ్డపార నీ చేతులనే ఉండె గద గోవర్ధన్."

"ఉండె," అన్నాడు. "ఇగ యాది జెయ్యకు."

వాడు పక్కకు తప్పుకోగానే పోలీసులు దిగారు. లాఠీలు నడిచాయి. నన్నూ, తుమ్మలపేట మగవాళ్లు ఎనిమిది మందినీ జీపుల్లో పడేశారు. ఆడవాళ్లను లారీల్లోకి ఎక్కించారు, కంపెనీ కిరాయికి తెచ్చిన ఆ లారీల్లోకే.

ఠాణాలో నేను లాకప్‌లో ఉన్నాను. ఎదురుగా ఎస్సై గది. తలుపు ఓరగా ఉంది. మేం రాసిన కాగితం తీసుకోలేదు. వాళ్ల దగ్గర ఇంకో కాగితం తయారుగా ఉంది. తుమ్మలపేట కూలీలు, అన్నల కొరియరు రాజం కలిసి ప్లాట్లు కొన్న ఆడవాళ్లను కర్రలతో కొట్టి బెదిరించారని. దాని కింద కొన్నవాళ్ల వేలిముద్రలు కావాలి. ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. ముందు పోయినవాళ్లు ఏమన్నారో తర్వాత వాళ్లకు తెలియదు.

మొదటి ముగ్గురూ వేలిముద్ర వేశారు. వాళ్ల పేర్లు నేను చెప్పను. ఒకామె మొగుడికి క్షయ, ఇంకొకామెకు ఆ పీఎఫ్ తప్ప ఏ ఆధారమూ లేదు, మూడో ఆమె ఉత్త భయస్తురాలు. ఈ రోజుకీ ముగ్గురూ యూనియన్‌లోనే ఉన్నారు.

నాలుగోది సత్తెవ్వ. గోవర్ధన్ కుర్చీలో కూర్చుని స్టాంపు కాగితం తీశాడు.

"పదిహేడు నంబరు. రేపే రిజిస్ట్రేషన్. నెల రోజులల్ల రేకుల షెడ్డు నేనే ఏయిపిస్త. రాములవ్వ మంచంల ఉన్నదట గద. ఒక్క ఏలు అక్కా, గంతే."

నేను కమ్మీలు పట్టుకుని నిలబడ్డాను. ఆమె వేస్తుందనే అనుకున్నాను. వేస్తే తప్పు పట్టే హక్కు కూడా నాకు లేదు.

"సారూ, దాంట్ల సమ్మవ్వ పేరుందా?" అంది.

"మొదటి పేరు ఆమెదే," అన్నాడు ఎస్సై.

"ఆమె నన్ను గొట్టలే సారూ. తిట్టింది. తిట్టినదానికి కేసుంటే రాయి, బొటనేలు పెడ్త."

"ముసల్ది రోడ్డు మీద సస్తది సత్తెవ్వా," అన్నాడు గోవర్ధన్ మెల్లగా.

అప్పుడు ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. ఠాణా మొత్తం వినబడేలా, అత్త పేరు, మొగుడి పేరు పెట్టి ఏడ్చింది. ఏడుస్తూనే బొటనవేలు కొంగులో చుట్టి ముడి వేసుకుంది. ఎస్సై ముడి విప్పమన్నాడు. విప్పలేదు.

ఆ ఏడుపు బయట కూర్చున్న వాళ్లందరికీ వినబడింది. ఆ తర్వాత లోపలికి పోయిన యాభై ఆరు మందిలో ఒక్కరూ వేలు పెట్టలేదు. గౌసియాబీ వంతు వచ్చినప్పుడు ఎస్సై, "నీకేందే మధ్యల?" అన్నాడు. "అరే సాబ్, పక్క వరుస నేనే అడిగిన. గప్పుడే గట్టిగ అడగకపోతి. గదీ నా తప్పు," అంది ఆమె.

చీకటి పడేలోగా, కాగితంలో మొదటి పేరున్న సమ్మవ్వతో సహా, ఆడవాళ్లను వదిలేశారు. అంతమందిని పెట్టడానికి ఠాణాలో జాగ లేదు. నన్నూ ఎనిమిది మందినీ మాత్రం ఆ ముగ్గురి వేలిముద్రల మీద కేసు రాసి జైలుకు పంపారు.

*

జైల్లో రెండో నెల గడిచాక గౌసియాబీ ములాఖత్‌కు వచ్చింది. జాలీకి అటు ఆమె, ఇటు నేను.

"ఎట్లున్నవ్ భాయ్? బక్కవడ్డవ్."

"చేను సంగతేంది?"

"మక్కలు ఇరిసిండ్రు. తలా ఇన్ని మాకు గూడ పంపిండ్రు. గా సిరిసిల్లాయన పైసలు గుంజుకోని పోయిండు. సేటు మా పైసలు సగం వాపస్ ఇస్తనంటున్నడు. సగానికి ఎవలొప్పుకుంటరు? మేం చుట్టిన బీడీలు ఇస్తలేం. చుట్టుడు ఆపలే, ఇచ్చుడు ఆపినం. ఎనిమిది రోజుల బీడీలు ఇండ్లల్ల పడున్నయ్, ఆనికి లారీ లోడు గావాలె. ఉరుకుతున్నడు ఇంటింటికి." నవ్వింది. తర్వాత నవ్వు ఆపింది. "రాములవ్వ పోయింది భాయ్. మంగళారం."

నేను జాలీ పట్టుకున్నాను. ఏ వీధిలో, ఏ మోరీ పక్కన పోయిందో అడగలేకపోయాను.

"ఇంట్లనే పోయింది," అంది గౌసియాబీ.

"ఏ ఇంట్ల?"

"గా కిరాయింట్లనే. పొద్దున ఎగశ్వాస వెట్టింది. ఓనరు అచ్చిండు, ఎంబడి నలుగురు మొగోల్లు, మంచం లేపెతందుకు. సత్తెవ్వ మంచంకోడు గట్టిగ వట్టుకోని పండింది కిందనే. నేను గల్లీల మొత్తుకున్న. ఎవల పని వాల్లు ఇడువలే, చాటలల్ల ఆకు, తంబాకు వెట్టుకోనే ఉరికచ్చిండ్రు. కడప కాడికెళ్లి రోడ్డు దాక కూసున్నం. సందు లేకుంట. ఒళ్లె చాటలు, చుట్టుకుంటనే ఉన్నం. ఓనరు 'నా ఇల్లు, నా ఇల్లు' అంటడు. 'నీదే, ఎవలు గాదన్నరు? కిరాయి గట్టింది బతుకుతందుకే కాదు, సావనీకి గూడ కట్టింది' అన్న. మంచం తేవాల్నంటే మా నెత్తుల మీదికెళ్లి తేవాలె. ఎట్ల తెస్తడు?"

"మరి?"

"జామున్నర కూసున్నం. ఆనకే పోయింది, సత్తెవ్వ ఒళ్లె తలవెట్టి. తుమ్మలపేటోల్లు బండి గట్టుకోని అచ్చిండ్రు. సమ్మవ్వ నీళ్లు వోసింది. వేరే కులపామె నీళ్లు వోసుడేందని సత్తెవ్వ కులపోల్లు జర గునిసిండ్రు. గునుసనీ. ముందటి దర్వాజకెళ్లే లేపినం పీనుగను. రాజం భాయ్, నాకు యాభై ఏండ్లు. కోరుట్లల కిరాయింట్లకెళ్లి పీనుగ లేసింది నేనిప్పుడే సూడవడితి."

కళ్లనీళ్లు వచ్చాయి, దాచుకోలేదు. ఆ పని జలపతి రోజునే చేసి ఉండవచ్చు. అరవై మంది అక్కర్లేదు, పది మంది గడపలో కూర్చుంటే సరిపోయేది. అది తట్టక ప్లాట్ల వెంట పోయాం, బ్రోకర్ల వెంట పోయాం. ఇదంతా చెప్పబోతే గౌసియాబీ చేత్తో ఆపింది.

"టైమైపోతది, గది తర్వాత ఏడువు. ఓనరు కేసు వెట్టిండు మా మీద. ఇంట్ల జొరబడ్డమట. యాభై మంది పేర్లు రాసిండ్రు, నా పేరు అవ్వల్ నంబర్. జమానత్, గదే బెయిల్, అడుగద్దని అనుకున్నం అందరం. వారం రోజులల్ల తెస్తరు మమ్ముల. ఆడోల్ల బ్యారకుల జాగ ఉందో లేదో జర అడిగి పెట్టు."

ఆమె పోయాక జమేదారును అడిగాను. ఆడవాళ్లకు ఉన్నది ఒకటే గది, పన్నెండు మంది పడతారు అన్నాడు.

"ఎంతమంది వస్తారేంటి?" అన్నాడు.

"ఇప్పటికి యాభై," అన్నాను.